బాలవ్వ పాటల ఆ గొంతు

శుక్రవారం నమాజు అయిపోయింది, మెస్సుల అన్నం తిన్నం, క్యాంపు ముంగట కాకా కెఫెటీరియా కాడ కుర్చీలేసుకొని కూసున్నం. ఈ గల్ఫు దేశంల, బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులల్ల ఉండేటోళ్లకు వారానికి ఒక్కటే సెలవు. బట్టలుతుక్కొని, తిని, ఒరిగే లోపల ఈ చాయ్ పొద్దే మాది. చలికాలం ఎండ వీపుకు హాయిగ తాకుతున్నది.

నేను సురేందర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను, మాది మెట్‌పల్లి దిక్కు. నా పక్కన ఫరీదుద్దీన్ భాయ్, నిజామాబాదాయన, కంపెనీ బస్సు డ్రైవరు. ఆయన పక్కన రాజన్న, సిరిసిల్ల దిక్కాయన, టైల్స్ పరిచే పని. యాభై దాటిండు, మాట తక్కువ. నాలుగో ఆయన గజేందరన్న, జగిత్యాల. పనినాడు స్కఫోల్డింగ్ పైపులు నిలబెడ్తడు, సెలవునాడు మాటలు నిలబెడ్తడు. రెండూ ఎంత ఎత్తయినా పోతయి.

కెఫెటీరియా నడిపే మలయాళీ కాకా చిక్కటి కరక్ చాయ్ పోసుకుంట ఫోన్ల పాట పెట్టిండు. అదే పాట. ఈ నెల దినాల నుంచి మా క్యాంపుల అది మోగని రూము లేదు. ఇంగ్లండు పిల్లలది. ముగ్గురు పిలగాండ్లు, ఒక పిల్ల, అందరికీ ఇరవై ఇరవై ఒకటి ఏండ్లు. బ్యాండు పేరు స్లో కెటిల్. పాట పేరు, నమ్మితె నమ్ముండ్రి, ‘బాలవ్వ’. వాళ్ల నోటికి తిరుగక ‘బలావా’ అంటరు. రెగ్గే పాటనట. గిటారు మోగాలె అనుకున్న కాడ ఊకుంటది, ఊకుంటదనుకున్న కాడ మోగుతది. ఇనంగ ఇనంగ తల దానంతటదే ఊగుతది. పాట నడుమల గిటారు ఆగిపోయి, ఒక మనిషి గొంతు వస్తది, మన తెలంగాణ గొంతు.

“హలో... బాలవ్వా... ఇనవడ్తుందా?”

మిషను పెట్టి ఆ మాట తోకను సాగదీసిండ్రు. తుందా... తుందా... తుందా... అనుకుంట అది దూరం పోతనే ఉంటది. నేపాలోళ్లు సుత పొద్దుగాల బాత్రూము లైన్ల నిలవడి ఒకనికొకడు ‘ఇనవడ్తుందా’ అని పలుకరించుకుంటున్నరు. ఆ గొంతు ఈడనే, లుసైల్‌ల దొరికిందని బ్యాండోళ్లే ఏడనో చెప్పిండ్రట. ఎవరిదో మాత్రం ఎవలకు తెల్వది.

“ఎవడో గాని నసీబున్నోడు,” అన్నడు ఫరీదుద్దీన్ భాయ్. “దునియా మొత్తం ఇంటున్నది వాని హలో.”

గజేందరన్న చాయ్ గిలాస కింద పెట్టిండు. గొంతు సవరించుకున్నడు. మీసం మీద అంటిన నురుగు తుడుసుకున్నడు.

“నేను చెప్పుకోవద్దనుకున్న,” అన్నడు. “మన గొప్ప మనం చెప్పుకునుడు మంచిది కాదు గద. ఆ గొంతు నాదే.”

మేం ముగ్గురం ఆయన దిక్కు చూసినం. రాజన్న ఒక్కసారి చూసి, మల్ల చాయ్‌ల ఊదుకున్నడు.

“నీ గొంతు గట్ల లేదు గదనే,” అన్న నేను.

“ఫోన్ల మాట్లాడే గొంతు వేరే ఉంటది తమ్మీ, అది ఇంట్లోళ్లకే తెలుస్తది. సెప్పేది ఇను. లుసైల్‌ల సముద్రం ఒడ్డుకు ఈ చలికాలం మొదట్ల స్టేజీ కట్టినమా లేదా? నేను పైన ఉన్న, నాలుగో లిఫ్టు మీద, అంటె నాలుగో వరుస పైపుల మీద, బెల్టు పెట్టుకొని, హెల్మెట్ పెట్టుకొని, మంచిగ సేఫ్టీతోని. మధ్యాహ్నం బ్రేకు. కిందికి దిగుడెందుకని ఆడనే కూసొని ఇంటికి ఫోన్ కొట్టిన. సిగ్నల్ ఒకటే పుల్ల. ‘హలో బాలవ్వా ఇనవడ్తుందా’ అన్న. గంతే. కింద ఈ నలుగురు పిల్లలు మైకులు సరిచేసుకుంటున్నరు. నా మాట మైకుల పడ్డది. గంతే సంగతి, ఇంకేం లేదు.”

ఆడికే ఆపి ఉంటె మేం నమ్మేటోళ్లమే. నిజంగ చెప్తున్న, నేను సగం నమ్మిన. ఫరీదుద్దీన్ భాయ్ ఐతే “మాషా అల్లా” అని చెయ్యి సుత కలిపిండు. ఆ చెయ్యి కలుపుడే తప్పైంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అన్నడు గజేందరన్న కుర్చీ ముంగటికి జరుపుకొని. “ఆ పిల్ల ఉన్నది సూడు, రింగుల జుట్టు పిల్ల, అది పైకి చూసి చేతులు రెండు జోడిచ్చింది. ‘సార్, వన్స్ మోర్ సార్’ అన్నది. నన్నెవడన్న సార్ అన్నడా ఈ దేశంల? ఫోర్‌మన్ సుత ‘ఏయ్ స్కఫోల్డర్’ అంటడు. సరే పాపం పిల్ల అడుగుతున్నది గదాని కిందికి దిగిన. మైకు ముంగట పెట్టిండ్రు. నేను మామూలుగనే అన్న, ‘హలో’ అని. మైకు పలిగింది.”

“పలిగిందా?”

“నిలువుగ. రెండు చెక్కలు. ఇంకోటి తెచ్చిండ్రు. అది పొగ లేసింది. మూడోది నేను నోరు తెరువకముందే దానంతటదే బందైంది, భయానికి. ఇగ వాళ్లల వాళ్లు ఇంగిలీషుల మస్తు ఆలోచన చేసిండ్రు. చేసి, నాలుగో మైకును కారుల ఏసుకొని అల్ రయ్యాన్ తీస్కపోయిండ్రు.”

“అల్ రయ్యానా? లుసైల్ ఏడ, అల్ రయ్యాన్ ఏడ?” అన్నడు ఫరీదుద్దీన్ భాయ్. “నేను రోజు బస్సు నడుపుత ఆ రోడ్డుల. సిగ్నల్లు మంచిగుంటె అర్ధగంట.”

“అగో, అందుకే నిన్ను సాక్షిగ పెట్టుకున్న భాయ్. అర్ధగంట దూరం. నేను లుసైల్‌ల నిలవడి అన్న, వాళ్లు అల్ రయ్యాన్‌ల పట్టుకున్నరు. ఇప్పుడు పాటల ఇంటున్నవే, అది ఆ అల్ రయ్యాన్‌ది. వెనుక జర కార్ల సప్పుడు ఉంటది, మంచిగ చెవి పెట్టి ఇను.”

నేను చెవి పెట్టి ఇన్న. కార్ల సప్పుడు ఉన్నట్టే అనిపిచ్చింది, ఎదురుంగ రోడ్డు మీదికెళ్లి ట్రైలర్లు పోతున్నయి మరి.

“మరి ఆ తోక?” అన్న. “తుందా తుందా అని పోతది గద. అది మిషను గదా?”

“మిషనా!” గజేందరన్నకు కోపమొచ్చింది. “మిషను నాకెందుకు? ఆ పిలగాండ్లు తెచ్చిండ్రు మిషను, నేనే వద్దన్న. ‘మాఫీ మిషన్’ అన్న, మిషను గిషను లేదు పో అని. సముద్రం దిక్కు తిరిగి ఒక్క కేక పెట్టిన, ‘ఇనవడ్తుందా’ అని. మొదటి ‘తుందా’ బహ్రెయిన్‌కు తాకి వచ్చింది. రెండో ‘తుందా’ ఇరాన్ గుట్టలకు తాకి వచ్చింది. మూడోది రాలె. చూసినం, చూసినం, రాలె. పిలగాండ్లు ఇగ సామాను సర్దుకున్నరు. ఎనిమిది దినాలైనంక నేను క్యాంపుల పండ్లు తోముకుంటున్న, వెనుక నుంచి ఎవడో ‘తుందా’ అన్నడు. తిరిగి చూస్తె ఎవడు లేడు. అది నాదే! ఏడేడ తిరిగొచ్చిందో, అలిసిపోయి ఉండె పాపం, గొంతు సన్నగైంది. పట్టుకొని లండన్‌కు పంపిచ్చిన.”

కాకాకు తెలుగు రాదు, ఐనా నవ్వు ఆపుకోలేక చాయ్ బల్ల మీద పోసిండు. రాజన్న మొఖంల సుత ఒక మూలకు నవ్వు వచ్చి పోయింది.

“భాయ్, క్యా బాత్ హై,” అన్నడు ఫరీదుద్దీన్. “దాన్ని ఎట్ల పట్టుకున్నవ్, డబ్బాలనా?”

“ఫోన్ల రికార్డు చేసిన. నువ్వు ఎటకారం చెయ్యకు. అసలు ముచ్చట ముంగటున్నది. ఈ రెగ్గే తాళం ఉన్నది గద, అది వాళ్లకు ఎవరు నేర్పిండ్రనుకుంటున్నవ్?”

“నువ్వేనా?”

“నేను నేర్పలె. నేను తప్పు చేసిన, వాళ్లు నేర్చుకున్నరు. డ్రమ్ముల పిలగాడు ఎంత కొట్టినా పాట నడుస్తలేదు. సప్పగున్నది, ఉప్పు లేని పప్పు తీరుగ. నేను పక్కన క్లాంపులు బిగిస్తున్న, పాన తోని పైపు మీద కొడుతున్న. చెయ్యి చెమటకు జారుతున్నది. కొట్టాల్సిన కాడ జారుతున్నది, ఇగ జారినంక పడుతున్నది. టక్... ఆఁ, టక్... ఆఁ. ఆ పిలగాడు కట్టెలు కింద పడేసి ఉరికొచ్చిండు. నా చెయ్యి పట్టుకొని ఏడ్సిండు. ‘సార్, మా తాతలు ముత్తాతలు వెతికిన తాళం ఇదే సార్’ అన్నడు. నా పానను ముద్దు పెట్టుకున్నడు. అది కంపెనీ పాన, స్టోర్‌ల తిరిగియ్యాలె, ముద్దులు పెట్టకురా అన్న.”

“నీకు ఇంగిలీషు వస్తదా గంత?” అన్న నేను.

“ఏడ్చేటోని భాష అందరికి వస్తది తమ్మీ.”

ఆయన చాయ్ ఒక్క గుక్క తాగిండు. ఇగ ఆయనను ఆపేటోడు ఎవడు లేడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రం కార్యక్రమం. తాళం మొదలైంది. లుసైల్‌ల ఎన్ని క్రేన్లున్నయో నీకెరుకే గద? అన్ని క్రేన్లు ఊగుడు మొదలు పెట్టినయి. ఆపరేటర్లు లోపల లేరు, డ్యూటీ దిగి పోయిండ్రు. ఐనా ఊగుతున్నయి, గిటారు ఆగిన కాడ ఎడమకు, మోగిన కాడ కుడికి. ఆ సప్పుడు ఇసుక మీదికెళ్లి పోయి పోయి ఒంటెల పందెం నడిచేకాడికి చేరింది. మీకు తెలుసు గద, ఈడ ఒంటె మీద మనిషి కూసోడు, చిన్న మిషను బొమ్మను కూసోబెడ్తరు, అది కొరడా ఊపుతది. అవి బొమ్మలు! బొమ్మలు కొరడాలు పడేసి చప్పట్లు కొట్టినయి. ఒంటెలు ఉరుకుడు ఇడిసిపెట్టి, ఒక కాలు లేపి, ఆగి, ఇంకో కాలు లేపి... పందెంల మొదటి నంబరు ఎవలిదో చెప్పలేక, అన్నిటికి బహుమతి ఇచ్చిండ్రు.”

“నేను ఆ దిక్కు బస్సు నడిపిన ఆ నెల,” అన్నడు ఫరీదుద్దీన్. “నాకేం కానరాలె.”

“నువ్వు బస్సుల పాటలు పెట్టుకొని ఉంటవ్, నీకేం ఇనవడ్తది? సరే, ఒంటెలు గింటెలు ఇడిసిపెట్టు, అవి జానవర్లు. లండన్ సంగతి చెప్త. పాట ఆడ రేడియోల పడ్డది. వాళ్లకు ఊరి నడుమ పెద్ద గడియారం ఒకటుంటది, ఫొటోలల్ల చూసినవ్ గద. పాట ఇన్న దినం నుంచి అది గంట కొట్టాల్సిన కాడ ఊకుంటున్నది, ఊకోవాల్సిన కాడ కొడుతున్నది. దేశం దేశమంత డ్యూటీకి అర తాళం లేటు. ఏ ఫోర్‌మన్ ఎవన్ని ఏం అంటలేడు, ఫోర్‌మన్లు సుత లేటే గద. రైల్లు ప్లాట్‌ఫారం దాటినంక ఆగుతున్నయి. జనం నవ్వుకుంట వెనుకకు నడుస్తున్నరు. ఆ దేశపోళ్లు నాకు కబురు పెట్టిండ్రు. ‘గజేందర్ సార్, నువ్వు వచ్చి మల్ల ఒక్కసారి సరిగ్గ కొట్టి పో, మా గడియారం బాగైతది’ అని. విమానం పంపుతమన్నరు. రూము, ఏసీ, ఎదురుంగ తోట.”

“మరి పోలేదేమే?”

“లీవు దొరుకాలె గద! ఫోర్‌మన్ దగ్గరికి పోయిన. ‘లండన్ గడియారం బాగు చెయ్యాలె సార్, మూడు దినాలు’ అన్న. ‘మాఫీ, యల్లా, పనికి పో’ అన్నడు. గంత పెద్ద దేశం గడియారం ఇయ్యాల్టికీ తప్పే కొడుతున్నదంటె, మా ఫోర్‌మన్ వల్లనే.”

ఈసారి నవ్వింది మేమే కాదు. పక్క బల్ల కాడ కూసున్న మంచిర్యాల పిలగాండ్లు సుత కుర్చీలు మా దిక్కు తిప్పుకున్నరు. మంది పెరిగినకొద్దీ గజేందరన్న గొంతు పెరుగుతది, అది మాకెరుకే. నేను పైలంగ ఒక మాట అడిగిన. అడుగకుంటె బాగుండేదో, అడిగిందే బాగైందో, ఇప్పటికీ తెల్వది.

“అన్నా, ఆ బాలవ్వ ఎవరే? మీ ఇంటామె పేరు మమత గద?”

ఒక్క అరక్షణం ఆయన నోరు ఆగింది. ఆ అరక్షణం నేనొక్కన్నే చూసిన కావచ్చు.

“బాలవ్వ... మా మేనత్త,” అన్నడు. “మా నాయన అక్క. పాపం, చెవిటిది. పుట్టు చెవిటిది అనుకో. పక్కన బాంబు పేలినా ‘ఏందిరా, ఎవరో తలుపు కొడుతున్నరా’ అంటది. పెద్ద బండరాయి తీరుగ కూసుంటది, మనం ఎంత మొత్తుకున్నా మొఖంల చలనం ఉండది. అందుకే గద నేను ‘ఇనవడ్తుందా’ అని ఒర్రింది! వేరే ఎవలన్న ఐతే గంత ఒర్రుడు ఎందుకు? ఇప్పుడు ఇను అసలు కథ. నేను లుసైల్‌ల ఆ కేక పెట్టిన చూడు, ఆ కేక ఫోన్ల పోలె. ఫోన్ వైరు గియిరు కాదు, సీదా గాలిల పోయింది. సముద్రం దాటింది, బొంబాయి దాటింది, గోదారి దాటింది. మా అత్త వాకిట్ల కూసున్నది. పుట్టినప్పటి చెవుడు టప్పున ఇడిసింది! ‘ఎవర్రా అది, గజ్జూ?’ అన్నది. ఆమె ఒక్కతే కాదు, మా మండలంల చెవిటోళ్లందరికి ఒకే దినం చెవులొచ్చినయి. జగిత్యాలల చెవుల డాక్టరు దుకాణం మూసి కిరాణం పెట్టుకున్నడు. ఆ బండరాయి అసుంటి ముసల్ది...”

“ఆమె చెవిటిది కాదు.”

మాట పెద్దగ రాలె. ఐనా అందరం తిరిగి చూసినం, ఎందుకంటె అన్నది రాజన్న. పొద్దటి నుంచి ఆయన అన్న మొదటి మాట అది.

“ఏందే రాజన్నా?” అన్నడు గజేందరన్న.

“బాలవ్వ చెవిటిది కాదు. ముసల్ది సుత కాదు, నాకంటె ఆరేండ్లు చిన్నది. చెవులు మంచిగ పనిచేస్తయి. మూడిండ్ల అవతల పాలు పొంగితె ఇనవడ్తది ఆమెకు.”

“నా మేనత్త ముచ్చట నీకెట్ల తెలుసునే?”

“నీ మేనత్త ముచ్చట నాకు తెల్వది తమ్మీ. బాలవ్వ నా పెండ్లాం.”

గజేందరన్న నవ్విండు. ఊకె నవ్విండు, గట్టిగ. “అగో, రాజన్న సుత కోతలు నేర్సిండు! ఇగ ఈ పేరు మీద తెలంగాణల ఎంతమంది లేరు?”

రాజన్న చాయ్ గిలాస కింద పెట్టి, చెయ్యి చెవికి ఆనిచ్చుకున్నడు, ఫోన్ పట్టుకున్నట్టు. తల జర కిందికి వంచిండు. మెల్లగ అన్నడు.

“హలో... బాలవ్వా... ఇనవడ్తుందా?”

కాకా గరిట పట్టుకొని అట్లనే నిలవడ్డడు. అదే గొంతు. అదే జీర, ఆ ‘వ్వా’ కాడ అదే విరుపు. నెల దినాల సంది ప్రతి రూముల ఇన్న గొంతు మా బల్ల కాడ కూసొని వారం వారం చాయ్ తాగుతున్నది, మేం గుర్తు పట్టలె. గుర్తు పట్టేటంత మాట ఆయన ఎన్నడు మాట్లాడలె మరి.

“యా అల్లా,” అన్నడు ఫరీదుద్దీన్.

“స్టేజీ కాడ కాదు,” అన్నడు రాజన్న. “స్టేజీకి ఇవుతల, సముద్రం పక్కపొంటి నడిచే బాట ఉన్నది గద, ఆడ టైల్స్ పరుస్తున్న. మధ్యాహ్నం గోడ నీడకు కూసొని ఫోన్ చేసిన. సిగ్నల్‌కు ఏం కాలె. నిండ పుల్లలున్నయి.”

“మరి ఇనవడ్తుందా అని ఎందుకడిగినవే?” అన్న నేను.

ఆయన చాయ్ గిలాస అంచు మీద వేలు తిప్పిండు.

“ఆమె మాట్లాడుతలేదు. ఇంకో రెండేండ్లు ఉంటనని కంపెనీల సంతకం పెట్టిన, ఆమెను అడుగకుంట. పెట్టినంక చెప్పిన. ఆ దినం నుంచి బందు. ఫోన్ ఎత్తుతది, పక్కన పెడ్తది, బీడీలు చేసుకుంటది. నాకు కత్తెర సప్పుడు ఇనవడ్తది, ఆకు కత్తిరిచ్చేది. మాట రాదు. ఐదు నెలలు. ఆమె ఇంటున్నదని నాకు తెలుసు. ఐనా మనిషికి ఏదో ఒకటి అడుగాలె గద, ఇనవడ్తుందా అనే అడిగేటోన్ని. ఆ దినం ఓ ఇరవైసార్లు అడిగి ఉంట.”

ఆయనే చెప్పుకుంట పోయిండు, కింద చూసుకుంట.

“ఆ పిల్లలు అలల సప్పుడు పట్టుకుందామని కూసున్నరట దగ్గర్లనే, బొచ్చు బొచ్చు మైకు పెట్టుకొని. నా మాట పడ్డది అండ్ల. ఆ పిల్ల వచ్చి మా మలయాళీ సూపర్‌వైజరును నడుమ పెట్టుకొని అడిగింది. ఎవరిని పిలుస్తున్నవన్నది. బాలవ్వ అన్న. ఈ గొంతు పాటల పెట్టుకుంటం, ఇష్టమేనా అన్నది. పెట్టుకో బిడ్డా అన్న. ఇంట్ల ఎట్లాగూ జవాబు లేదు, పాటల ఉంటె ఉండనీ అనుకున్న. ఏదో పిల్లల ఆట అనుకున్న. ఇట్ల అయితదని నాకు తెల్వది.”

“మరి ఇన్ని దినాలు చెప్పలేదేమే?”

“ఏమని చెప్పాలె, పెండ్లాం మాట్లాడుతలేదనా?” అన్నడు రాజన్న. అని, గజేందరన్న దిక్కు చూసిండు. కోపంగ కాదు. “నువ్వు చెప్పుకోని తమ్మీ, నాకేం కాదు. ఆ ఎనిమిది దినాలకు తిరిగొచ్చిన ముచ్చట మస్తు మంచిగుండె. లండన్ సుత మంచిగుండె. ఆమెను బండరాయి అన్నవ్, అదొక్కటే మంచిగ లేకుండె.”

గజేందరన్న మొఖం చూడాలె అప్పుడు. కోతలు కోసి దొరికిపోవుడు ఆయనకు కొత్త కాదు. దొరికినప్పుడల్లా ఆయన ఇంకో పెద్ద కోతతోని బయటపడ్తడు, మేం అదే కనిపెట్టుకొని ఉన్నం. ఆయన అట్ల చెయ్యలె. కుర్చీ రాజన్న దగ్గరికి జరుపుకున్నడు. ఆయన మోకాలు మీద చెయ్యి పెట్టిండు.

“అన్నా, తప్పైంది. ఇప్పుడు మాట్లాడుతున్నదా వదిన?”

రాజన్నకు నవ్వొచ్చింది. మొత్తం నవ్వు. “పాట ఊరికి చేరింది గద. పోరగాండ్లు ఆమె కనవడితె చాలు, ‘బాలవ్వా ఇనవడ్తుందా’ అంటున్నరట. బస్సు కండక్టరు సుత అన్నడట. ఓనాడు ఆమెనే ఫోన్ చేసింది. ‘దేశదేశాలల్ల నా పేరు పెట్టి ఒర్రుతవా, నీకు సిగ్గున్నదా’ అని మొదలు పెట్టింది. నలభై నిమిషాలు తిట్టింది. నేను ఒక్క మాట అడ్డం రాలె. ఇట్ల ఫోన్ పట్టుకొని కూసున్న. మస్తు హాయిగుండె.” ఆగి, “మొన్న ఆఫీసుల, పని ఇడిసిపెడ్తనని కాయిదం ఇచ్చిన. వచ్చే నెల ఇంటికి పోత,” అన్నడు.

మేం అందరం ఒక్కసారే మాట్లాడుడు మొదలు పెట్టినం. ఫరీదుద్దీన్ భాయ్ లేచి ఆయనను కావలిచ్చుకున్నడు. మంచిర్యాల పిలగాండ్లు సెల్ఫీ కోసం వచ్చిండ్రు. ఆ గడబిడల గజేందరన్న మాత్రం రాజన్న మోకాలు ఇడువలె.

“అన్నా, ఒక్క సాయం చెయ్యి,” అన్నడు. గొంతు ఇట్ల సన్నగ ఎన్నడు లేదు ఆయనది. “పాట వచ్చిన కొత్తల మా మమతకు చెప్పిన, ఆ గొంతు నాదే అని. ఊకె చెప్పిన, మురుస్తదని. ‘మరి బాలవ్వ ఎవతె’ అన్నది. నేను అంతదాక ఆలోచన చెయ్యలె. ఏందేందో చెప్పిన. ఒకసారి అత్త అన్న, ఒకసారి కంపెనీల వంటామె అన్న. నెల దినాలాయె, నా నంబరు ఎత్తుతలేదు. తల్లిగారింటికి పోయింది. ఇప్పుడు కోత అంటె నమ్మది. ఎవలతోని కబురు పెట్టినా, మొదలు చెప్పిందే నిజమంటున్నది, నిజమే ఐతే బాలవ్వ ఎవతె అంటున్నది.”

“మరి ఇంతసేపు ఎందుకు చెప్పినవ్‌రా మల్ల?” అన్నడు ఫరీదుద్దీన్, నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక.

“ఏం చెయ్యాలె భాయ్? ఒక్కసారి నాదే అన్నంక ఇగ నాదే అనుకుంట పోవాలె గద. ఎనుకకు ఎట్ల వస్తరో నాకు తెల్వది.”

రాజన్న తన ఫోన్ తీసిండు. నంబరు అడిగిండు. గజేందరన్న ఒక్కొక్క అంకె చెప్తుంటె నొక్కిండు. మోగింది. కొత్త నంబరు గద, ఎత్తింది.

“అమ్మా మమతా, నేను రాజన్నను బిడ్డా, సిరిసిల్ల దిక్కోన్ని, మీ ఆయనతోని ఒక్క క్యాంపుల ఉంట. బాలవ్వ నా భార్య. ఆ పాటల గొంతు నాది. ఔను. ఒట్టు. మీ ఆయనకు ఆమె ఎవరో సుత తెల్వది... ఊఁ... ఊఁ... లేదమ్మా, వంటామె ఎవరు లేరు, మాకు మెస్సుల వండేటోడు బిహారు ఆయన, మీసాలుంటయి... ఆఁ? లండనా? లేదమ్మా, ఎవరు పిలువలె. ఏసీ రూము గిట్ల ఏం లేదు. ఔనమ్మా. అన్ని కోతలే. మొత్తం.”

రాజన్న ఇంకా జరసేపు ఇన్నడు. ఫోన్ తీసి గజేందరన్నకు ఇచ్చిండు.

“ఇగో. ఉన్నది. మాట్లాడు.”

గజేందరన్న ఫోన్ చెవికి పెట్టుకున్నడు. నోరు తెరిసిండు. మేం అందరం చూస్తున్నం, కాకా సుత చూస్తున్నడు. నోరు తెరిచే ఉన్నది, అండ్లకెల్లి ఏం వస్తలేదు. సముద్రాలు దాటిచ్చిన మనిషికి ఒక్క మాట దొరుకుతలేదు. మమ్మల్ని ఒకసారి చూసి, సిగ్గుపడి, లేచి రోడ్డు దిక్కు పోయిండు. ఆడ ఆపిన ట్రైలరు నీడకు నిలవడ్డడు, మా దిక్కు వీపు పెట్టి.

“ఏం చెప్తున్నడు?” అన్నడు ఫరీదుద్దీన్ భాయ్, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసుకుంట.

“ఏం చెప్తలేడు,” అన్న నేను. “తల ఊపుతున్నడు.”

కాకా రెండో సారి చాయ్ పోసిండు. మేం తాగినం. గజేందరన్న గిలాసల చాయ్ సల్లారి, మీద మీగడ కట్టింది. మధ్యాహ్నం తిరిగినంక వచ్చే అసర్ అజాన్ అయింది, ట్రైలరు నీడ రోడ్డు దాటి అవుతలికి పోయింది. ఆయన నీడతోని పాటే జరుగుకుంట, మమత మాట ఇంకా ఇంటనే ఉన్నడు.